మా ఊళ్లను అడగకుండా దేశం అభిప్రాయం రాయకండి

దేశ ఆర్థిక పరిస్థితి మీద ప్రజల అభిప్రాయం సేకరించే అధికారులకు, ఆ అంకెలు చూసి విధానాలు తయారుచేసే నిపుణులకు ఆదోని నుంచి ఒక కిరాణా వ్యాపారి రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఆదోనిలో ఇరవై నాలుగేళ్లుగా కిరాణా అంగడి నడుపుతున్నాను. ఇంత పెద్ద దేశంలో జనం మనసులో ఏముందో కనుక్కోవడం సులువైన పని కాదని తెలుసు. ఎండలో ఇంటింటికీ తిరిగే మీ సిబ్బంది మీద గౌరవం ఉంది. ఈ విషయాన్నే మా బజారు అంగళ్లవాళ్లం, కొందరు రైతులం కలిసి 34 సంతకాలతో ఒక కార్యాలయానికి రెండుసార్లు రాసి పంపాం. రెండుసార్లూ స్పీడ్ పోస్టు అందినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది. జవాబు రాలేదు. అందుకని ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

2025 నవంబరులో ఒక సాయంత్రం జరిగింది చెప్తాను. అంగట్లో చిన్న టీవీ ఉంది. మా బామ్మర్ది కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అతనిది గోనెగండ్ల దగ్గర పల్లె. అక్టోబరు నెలలో చిల్లర ధరల పెరుగుదల 0.25 శాతమేనని వార్తల్లో వచ్చింది. ఈ లెక్కలు మొదలైనప్పటి నుంచి ఇంత తక్కువ ఎప్పుడూ లేదట. తిండి సరుకుల ధరలైతే ఏడాది కిందటి కంటే 5.02 శాతం తగ్గాయట. సామాన్యుడికి పెద్ద ఊరట అన్నారు. మా బామ్మర్ది నా వైపు తిరిగి, "బావా, ఆ లెక్కలో మన ఉల్లిగడ్డలు కూడా ఉంటాయా?" అని అడిగాడు. ఉంటాయన్నాను. సగం తాగిన గ్లాసు అక్కడే పెట్టి లేచి వెళ్లిపోయాడు.

ఆ సెప్టెంబరులో అతను 120 బస్తాల ఉల్లిని కర్నూలు మార్కెట్ యార్డుకు తోలాడు. ఎకరంన్నర పంట, వానలకు దిగుబడి తగ్గింది. విత్తనం, నాట్లు, కలుపు, మందులు, కోత కూలి, గోతాలు అన్నీ కలిపి లక్షా పది వేలు పెట్టాడు. యార్డులో క్వింటాలు 450 పలికింది. అరవై క్వింటాళ్లకు 27,000. లారీ బాడుగ, హమాలీ, కమీషన్ పోను చేతికొచ్చింది పంతొమ్మిది వేలు. ఆ రాత్రి యార్డులోనే బస్తాల మీద పడుకుని పొద్దున బస్సెక్కి వచ్చాడు. మా ఇంట్లో అన్నం తినమంటే ఆకలి లేదన్నాడు.

టీవీలో చెప్పిన అంకె తప్పని నేను అనడం లేదు. మీ సిబ్బంది నిజాయితీగానే లెక్క తీసి ఉంటారు. కొనేవాడికి అది ఊరట, మా బామ్మర్దికి అప్పు. అంకె ఒక్కటే. దాని గురించి దేశం ఏమనుకుంటోందని అడగడానికి బయల్దేరినవాళ్లు ఒక వైపు ఇళ్ల తలుపే తట్టి వెళ్లిపోతున్నారన్నది మా ఫిర్యాదు. దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో వరుసగా చెప్తాను.

1. మీ జాబితాలో మా ఊరు లేదు.

రిజర్వ్ బ్యాంకు రెండు నెలలకోసారి వినియోగదారుల విశ్వాసం మీద సర్వే చేస్తుంది. దేశ ఆర్థిక పరిస్థితి, ఉద్యోగాలు, ధరలు, ఆదాయం, ఖర్చు, ఈ ఐదింటి మీద ప్రశ్నలు అడుగుతారు. బాగుందన్నవాళ్ల శాతంలోంచి బాగాలేదన్నవాళ్ల శాతం తీసేసి, ఐదింటి సగటుకు 100 కలిపితే వచ్చేది సూచీ. 100 దాటితే ఎక్కువమంది బాగుందంటున్నట్టు, తగ్గితే బాగాలేదంటున్నట్టు. కోవిడ్ రెండో దెబ్బ తగిలిన 2021 మేలో అది 48.5కు పడిపోయింది. వడ్డీ రేట్ల మీద నిర్ణయం తీసుకునే రోజునే ఈ ఫలితాలూ బయటికొస్తాయి. అంత ముఖ్యమైన సర్వే ఇది.

పట్టణాల సర్వే జరిగేది 19 నగరాల్లో. హైదరాబాద్ ఉంది, చెన్నై ఉంది, బెంగళూరు ఉంది. ఆంధ్రప్రదేశ్ ఊరు ఒక్కటీ లేదు. విశాఖ లేదు, విజయవాడ లేదు, మా కర్నూలు సంగతి చెప్పనక్కర్లేదు. పల్లెలకు, చిన్న పట్టణాలకు వేరే సర్వే ఉందని, 2025 నుంచి దాని ఫలితాలు కూడా ఇస్తున్నారని చదివి సంతోషించాను. తర్వాత ఒక అనుమానం వచ్చింది. బ్యాంకు శాఖలకు వాడే లెక్క ప్రకారం పదివేల నుంచి లక్ష లోపు జనాభా ఉంటేనే చిన్న పట్టణం. 2011 లెక్కల్లోనే ఆదోని జనాభా 1.66 లక్షలు. సర్వేకు కూడా అదే కొలత పెట్టుకుంటే, చిన్న పట్టణం అనడానికి మేము పెద్దవాళ్లం, 19 నగరాల్లో చేరడానికి చిన్నవాళ్లం. కర్నూలు అప్పటికే నాలుగు లక్షలు దాటింది, కడప మూడు లక్షలు, అనంతపురం రెండున్నర లక్షలు, ప్రొద్దుటూరు లక్షన్నర. రాయలసీమలో మార్కెట్ యార్డులు, బంగారం అంగళ్లు, బట్టల వ్యాపారం, కాలేజీలు, ఆసుపత్రులు అన్నీ ఈ ఊళ్లలోనే. చుట్టూ వంద పల్లెల డబ్బు వచ్చి చేతులు మారేది ఇక్కడే. పల్లెకు దెబ్బ తగిలితే వారంలో మా బజారుకు తెలుస్తుంది. అలాంటి ఊళ్లు రెండు సర్వేల మధ్య సందులో పడిపోయాయా లేదా అన్నది చెప్పగలిగినవాళ్లు మీరే. మేము రెండుసార్లు రాసి అడిగింది ముఖ్యంగా ఇదే.

2. ధర తగ్గిందంటే మాకు ఒక్కటే అర్థం కాదు.

"ఏడాది కిందటితో పోలిస్తే ధరలు పెరిగాయా, తగ్గాయా?" అని అడుగుతారు. తగ్గాయంటే మంచి మార్కులో వేసుకుంటారు. బెంగళూరులో జీతం మీద బతికే ఇంట్లో అది సరైన పద్ధతే. మా ప్రాంతంలో కొనేవాడూ అమ్మేవాడూ ఒకే మనిషి. పొద్దున యార్డులో ఉల్లి అమ్మినవాడే సాయంత్రం నా దగ్గర నూనె కొంటాడు. అమ్మిన సరుకు ధర పడిపోయింది. కొనే నూనె ధర? 2024 సెప్టెంబరులో దిగుమతి నూనెల మీద సుంకం పెంచాక పామాయిల్ ప్యాకెట్టు మీద నా అంగట్లో ఇరవై ఐదు, ముప్పై రూపాయలు పెరిగింది. 2025 మే చివర్లో ముడి నూనెల సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. ప్యాకెట్టు ధర మళ్లీ పాత చోటికి దిగలేదు. కాబట్టి ఆ రైతును అడిగితే, "నేను అమ్మేది తగ్గింది, కొనేది పెరిగింది" అంటాడు. మీ కాగితంలో ఈ జవాబుకు గడి లేదు.

ఉల్లికి ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. క్వింటాలు 1,200కు కొనడం మొదలుపెట్టారు. తర్వాత హెక్టారుకు 50,000 సాయం ప్రకటించారు. అంటే ఎకరాకు ఇరవై వేలు. అది మేలే. అయితే ఎకరాకు డెబ్బై వేలకు పైగా పెట్టినవాడికి ఇరవై వేలతో పెట్టుబడి తిరిగి రాదు.

పత్తి కథ ఇంకోలా ఉంది. ఆదోని అంటే పత్తి. ఆశ్వయుజం వస్తే యార్డు ముందు బండ్లు, ట్రాక్టర్లు నిలబడి రోడ్డు కదలదు. 2025 ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబరు చివరి వరకు అన్నారు, తర్వాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. మా పత్తి ఇంటికొచ్చే నెలలు సరిగ్గా అవే. అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు బట్టల మిల్లులను కాపాడాలని చేశారని చెప్పారు. మిల్లు కార్మికులూ మనవాళ్లే, వాళ్ల పని పోకూడదు. మరి పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 అని కాగితం మీద ఉండగా, బయట వ్యాపారులు వెయ్యి, పదిహేను వందలు తక్కువకు అడిగారు. మద్దతు ధర కావాలంటే యాప్‌లో పేరు ఎక్కించి స్లాట్ తీసుకోవాలి. తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే కొనరు. వానలో తడిసిన పత్తిని ఎండబెట్టుకోవడానికి కళ్లం లేనివాడు ఏం చేస్తాడు? ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద పరిచి, చీపురుతో తిరగేస్తూ, మబ్బు పడితే పరుగెత్తి పట్టా కప్పిన ఆడవాళ్లను మా వీధి చివర్లోనే చూశాను. చివరికి చాలామంది బయటే అమ్ముకున్నారు. బట్టల ధర పెరగలేదని ధరల లెక్కలో మంచిగా కనిపిస్తుంది. ఆ మంచి ఎవరి చేతుల్లోంచి వచ్చిందో కూడా పక్కన రాయాలి కదా.

3. "పని ఉందా?" అని అడిగే పద్ధతి.

ఉద్యోగాల సర్వేలో వారం లెక్క తీసేటప్పుడు, ఆ వారంలో ఒక్క రోజు ఒక్క గంట పనిచేసినా పని ఉన్నవాడి కిందే రాస్తారు. ప్రపంచంలో చాలాచోట్ల ఇదే పద్ధతి అని మా అబ్బాయి చెప్పాడు. కావచ్చు. మా పల్లెల్లో వారమంతా ఒక్క గంట కూడా పని లేకుండా కూర్చునే పేదవాడు ఎవడూ ఉండడు. కూర్చుంటే గడవదు. కట్టెలైనా కొడతాడు, మూటైనా మోస్తాడు. ఆ లెక్కలో అతనికి పని ఉన్నట్టే.

పని నిజంగా ఉందో లేదో తెలియాలంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద వైపు దీపావళి దాటాక వచ్చి చూడండి. మా వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. బియ్యం, జొన్నపిండి, బొంతలు మూటగట్టుకుని, పిల్లలను కూడా ఎక్కించుకుని లారీల్లో, జీపుల్లో గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. కొందరు తెలంగాణ పత్తి చేలకు, కొందరు బెంగళూరు కట్టడాల పనికి పోతారు. తిరిగొచ్చేది ఉగాది ముందు. ఊళ్లో ముసలివాళ్లు, వీధి కుక్కలు మిగులుతారు. బడిలో హాజరు పట్టీ చూస్తే అర్థమవుతుంది. సీజనల్ హాస్టళ్లు పెట్టినా, అమ్మ లేకుండా ఉండలేని చిన్నపిల్లలు వెంట పోతారు. ఐదో తరగతిలో రెండేళ్లు ఇలా పోయిన పిల్ల ఆరో తరగతికి రాదు.

అలాంటప్పుడు సర్వే మనిషి వస్తే ఇంటికి తాళం ఉంటుంది. తాళం ఉంటే పక్కింటికి పోతారు. పక్కింట్లో ఉన్నవాడు పోకుండా ఉండగలిగినవాడు, అంటే కొంచెం ఉన్నవాడు. అతని జవాబు కాగితం మీదికి ఎక్కుతుంది. అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నవాడి అభిప్రాయం తాళం వెనకే ఉండిపోతుంది.

దేశంలో మొదటి ఉపాధి హామీ పని 2006 ఫిబ్రవరి 2న మా పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లెలో మొదలైంది. వలసలు చూసే ఈ ప్రాంతాన్ని ఎంచుకున్నారని మా పెద్దలు అంటారు. ఇప్పుడు దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. రోజులు 100 నుంచి 125కు పెంచారు, ఖర్చులో రాష్ట్రాల వాటా పెంచారు, వ్యవసాయ పనుల కాలంలో 60 రోజులు పనులు ఆపొచ్చన్నారు. వాన పడని ఏడు మా దగ్గర వ్యవసాయ పనుల కాలమంటూ ఉండదు. ఆ అరవై రోజులు మా జనం ఎలా గడుపుతారో కొలిచే ప్రశ్న ఒక్కటి ఏ సర్వేలోనైనా పెట్టండి.

4. రేపటి మీద జవాబును ఆశగా లెక్కేయకండి.

మీ ఫలితాల్లో ఏళ్ల తరబడి ఒకటి కనిపిస్తుంది. ఇప్పటి పరిస్థితి అడిగితే తక్కువ మార్కులు, ఏడాది తర్వాత ఎలా ఉంటుందంటే ఎక్కువ మార్కులు. జనం భవిష్యత్తు మీద నమ్మకంతో ఉన్నారని పత్రికలు రాస్తాయి. మెట్ట రైతును అడగండి, "వచ్చే ఏడు పండుతుంది" అనే అంటాడు. నాన్న అలాగే అన్నాడు, తాత అలాగే అన్నాడు. ఆ మాట అనుకోకపోతే విత్తనం చేతిలోకి తీసుకోలేడు. నా దగ్గర అప్పు పెట్టేటప్పుడు కూడా అదే మాట. దేశం బాగుపడుతోందన్న అభిప్రాయంగా దాన్ని రాసుకుంటే మా మనసు మీకు తప్పుగా అందినట్టే. అడగాలంటే ఇలా అడగండి: "వచ్చే ఏడాది పిల్లవాణ్ణి కాలేజీలో చేర్చడానికి డబ్బు పక్కన పెట్టారా?" ఆ జవాబులో నిజం ఉంటుంది.

5. అప్పు ఊసే ఎత్తరు.

నా అంగట్లో ఎర్ర బట్ట అట్ట వేసిన పుస్తకం ఉంది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. పత్తి అమ్మాక, లేకపోతే సంక్రాంతికి, వచ్చి తీరుస్తారు. తీరిన పేజీ మీద అడ్డగీత కొడతాను. మామూలుగా సంక్రాంతి దాటాక తీరని పేజీలు పది, పన్నెండు ఉంటాయి. ఈ సంక్రాంతికి 41 మిగిలాయి. వీళ్లలో ఎగవేసే మనిషి ఒక్కడూ లేడు. ఇరవై ఏళ్లుగా నాకు తెలిసిన ఇళ్లు.

ఒక పేజీ చెప్తాను, పేరు వద్దు. భర్త హమాలీ, భార్య జిన్నింగ్ మిల్లు కూలి, ముగ్గురు పిల్లలు. రెండేళ్ల కిందట నెలకు కందిపప్పు రెండు కిలోలు, నూనె మూడు ప్యాకెట్లు, బెల్లం కిలో, నెల మొదట్లో ఒకేసారి. కిందటి ఏడు కందిపప్పు కిలో, నూనె రెండు ప్యాకెట్లు. ఇప్పుడు ఆ పేజీలో నెల సరుకు లేదు, రోజు సరుకు ఉంది. పావు కిలో పప్పు, వంద గ్రాముల నూనె, ఐదు రూపాయల టీ పొడి, ఒక సబ్బు. ఆరు రోజులు వరుసగా ఏమీ లేదు. ఆరు రోజులు ఏం తిన్నారని నేను అడగలేదు. అడిగితే ఆ ఇల్లాలు ఇంకో అంగడికి పోతుంది, నా ముఖం చూడలేక.

ఇలాంటి ఇళ్లలో చెవి కమ్మలు, పుస్తెలతాడు ఎప్పుడో కుదువకు పోయాయి. దేశంలో బ్యాంకుల బంగారు అప్పులు 2025లో ఏడాది కిందటికి రెట్టింపు దాటాయి. బంగారం ధర పెరగడం ఒక కారణం. ఇంట్లో వేరే ఆస్తి లేకపోవడం మరో కారణం, అది మా వీధిలో చూస్తున్నాను. రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 2025లో 6.50 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. మా ఊళ్లో చేబదులుకు నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం, అలాగే ఉంది. జనం ఖర్చు పెరిగిందా అని అడుగుతారు. ఆ ఖర్చు సంపాదించిన డబ్బుతోనా, కుదువ పెట్టిన డబ్బుతోనా అని అడగకపోతే, ఆసుపత్రి బిల్లు కట్టినవాడూ కొత్త ఫ్రిజ్ కొన్నవాడూ మీ లెక్కలో ఒకేలా కనిపిస్తారు.

జీఎస్టీ గురించి కూడా ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచి పని. పెద్ద ప్యాకెట్ల ధర తగ్గింది. నా దగ్గర ఎక్కువగా పోయేవి ఐదు, పది రూపాయల ప్యాకెట్లు. వాటి ధర అదే, లోపల సరుకు కొంచెం పెరిగింది. పొద్దున పది రూపాయలు తెచ్చినవాడు పది రూపాయలూ ఇచ్చే పోతున్నాడు. అతన్ని అడిగితే ఏమీ తగ్గలేదనే చెప్తాడు, అది అబద్ధం కాదు.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న ఊళ్లను అభిప్రాయ సర్వేల్లో చేర్చండి. రాయలసీమ నుంచి కర్నూలు, కడప, అనంతపురంలో కనీసం ఒక్కటైనా, మా వరకు ఆదోని కూడా ఉండాలి. ఇప్పటికే ఎక్కడైనా ఉంటే ఏ సర్వేలో, ఎప్పటి నుంచి అన్నది బహిరంగంగా చెప్పండి. మా ఫిర్యాదులో ఆ భాగం వెనక్కి తీసుకుంటాం.

రెండు. ధరల ప్రశ్నను రెండుగా విడగొట్టండి. "మీరు కొనే వస్తువుల ధర", "మీరు అమ్మే వస్తువు లేదా మీ కూలి ధర". రెండింటి ఫలితాలనూ పక్కపక్కన ప్రచురించండి.

మూడు. సుగ్గి నెలల్లో తాళం వేసిన ఇళ్లను వదిలేయకండి. ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయో ఆ సంఖ్యను కూడా ఫలితాల్లో ఇవ్వండి. వీలైతే గుంటూరు మిరప చేలల్లో, బెంగళూరు కట్టడాల దగ్గర గుడిసెల్లో ఉన్నవాళ్లను అక్కడే అడగండి. వాళ్లందరి దగ్గరా ఫోన్లున్నాయి.

నాలుగు. అప్పు మీద మూడు ప్రశ్నలు చేర్చండి. ఎవరి దగ్గర తీసుకున్నారు, ఎంత వడ్డీకి, దేనికోసం.

ఐదు. 2011 తర్వాత జనాభా లెక్కలు లేవు, 2027లో రాబోతున్నాయి. అవి వచ్చాక ఊళ్ల ఎంపిక మార్చుతామని చెప్పి అప్పటి వరకు ఆపకండి. మధ్యలో రెండు పంటలు పోతాయి.

ఆరు. ఫలితాలను తెలుగులో ఇవ్వండి. రాష్ట్రానికి వేరే అంకె ఇవ్వగలిగినంత మందిని అడగండి. మా గురించి మేము ఏం చెప్పామో మేము చదవగలగాలి.

ఏడు. ఈ లేఖకు అరవై రోజుల్లో జవాబు ఇవ్వండి. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి. అంగడి గోడకు అతికిస్తాను, బజారంతా చదువుతుంది.

సర్వేకు మనిషిని పంపేటప్పుడు సాయంత్రం ఆరు దాటాక పంపండి. పగలు మా వైపు ఇళ్లలో ఎవరూ ఉండరు. నా అంగడి రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచే ఉంటుంది. ఎర్ర పుస్తకం కూడా చూపిస్తాను, పేర్లున్న పై వరుస మీద కాగితం అడ్డం పెట్టి.

ఇట్లు,
ఆదోని బజారు అంగళ్లవాళ్లు, రైతులు 34 మంది తరఫున
ఒక కిరాణా వ్యాపారి